ఇఫ్-ఎల్స్‌ని పొట్టిగా రాయడం ఎలా? పైథాన్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు

పైథాన్ మొదలుపెట్టిన కొద్ది రోజులకే అందరి ల్యాబ్ రికార్డుల్లోనూ ఒకే దృశ్యం కనపడుతుంది. ఇఫ్, దాని లోపల ఇంకో ఇఫ్, దానికో ఎల్స్, అలా మెట్లు దిగినట్టు కోడ్ కుడివైపుకి జారిపోతూ ఉంటుంది. ప్రోగ్రాం పనిచేస్తుంది. వైవాలో సార్ వేలు పెట్టి 'ఈ ఎల్స్ ఏ ఇఫ్‌ది?' అని అడిగితే మాత్రం నోట మాట రాదు. ఇంకొందరు యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని మొత్తం లాజిక్‌ని ఒక్క లైన్లో కుక్కేస్తారు. నన్నడిగితే ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం.

అసలు చూడాల్సింది ఒక్కటే. ఇఫ్ రెండు రకాల పనులకు వాడతాం. ఒకటి, రెండు విలువల్లో ఒకదాన్ని ఎంచుకోవడం. రెండు, ఒక పని చేయించడమో మానిపించడమో. మొదటి రకాన్ని హాయిగా కుదించవచ్చు. రెండో రకాన్ని కుదించబోతే తలనొప్పే మిగులుతుంది. ఈ తేడా కనిపెట్టడం వస్తే మిగతాదంతా అలవాటు మీద వచ్చేస్తుంది.

ఉదాహరణలన్నీ మన శ్రీకాకుళం వైపు నుంచే తీసుకున్నాను: పలాస జీడిపప్పు, కళింగపట్నం తీరం, తుపాన్లు, కాలేజీ హాజరు. వాటిలో రూపాయల లెక్కలు ఉదాహరణకే, బజారు రేట్లు కావు.

కోడ్ చదివే ముందు

ఇక్కడ కోడ్‌ని కూడా తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. ఇఫ్, ఎల్స్, ఎలిఫ్, రిటర్న్, డెఫ్, ప్రింట్, ట్రూ, ఫాల్స్, నన్, ఆర్, ఇన్, ఈజ్, ఫర్ లాంటి పైథాన్ సొంత మాటల్ని మీరు కంప్యూటర్‌లో ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి. 'ధర', 'వేగం' లాంటి వేరియబుల్ పేర్లు మాత్రం తెలుగులోనే ఉంచినా పైథాన్ 3 ఒప్పుకుంటుంది. ఒక చిక్కుంది. తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత అక్షరం కలిసిపోకుండా కంటికి కనపడని గుర్తు ఒకటి పెడుతుంటాయి. 'టన్‌లు' అనే మాటలో ఉండేది అదే. వేరియబుల్ పేరులో అది దూరిందంటే పైథాన్ చెల్లని అక్షరం ఉందని ఎర్రర్ ఇస్తుంది. మీకేమో తప్పు ఎక్కడుందో కనపడదు. అంకెలు కూడా 1, 2, 3 అనే రాయాలి, తెలుగు అంకెలు కోడ్‌లో నడవవు.

మొదటి అడుగు: ముందు పొడుగ్గానే రాయండి

పొట్టిగా రాయడం అనేది రాసేటప్పుడు చేసే పని కాదు, రాశాక చేసే పని. జీడిపప్పు పలుకు విరగకుండా ఉంటే గుండు, రెండుగా చీలితే బద్ద అనుకుందాం.

```
ఇఫ్ విరిగిందా:
    రకం = 'బద్ద'
ఎల్స్:
    రకం = 'గుండు'
```

ఇది ఆడించి చూడండి. విరిగిందా అనేదానికి ట్రూ ఇచ్చి ఒకసారి, ఫాల్స్ ఇచ్చి ఒకసారి. రెండూ సరిగ్గా వస్తేనే తర్వాతి అడుగు.

రెండో అడుగు: రెండు కొమ్మల్లోనూ ఒకే పేరు ఉందా?

పై కోడ్‌లో ఇఫ్ కిందా 'రకం =' ఉంది, ఎల్స్ కిందా 'రకం =' ఉంది. మారుతున్నది విలువ ఒక్కటే. అంటే ఇది ఎంచుకోవడం, పని చేయించడం కాదు. అప్పుడు ఇలా రాస్తాం:

```
రకం = 'బద్ద' ఇఫ్ విరిగిందా ఎల్స్ 'గుండు'
```

మధ్యలో ప్రశ్న, ఎడమవైపు 'అవును' అయితే రావాల్సింది, కుడివైపు 'కాదు' అయితే రావాల్సింది. సీ, జావా చదివి వచ్చినవాళ్లకు ఇది తిరగేసినట్టు ఉంటుంది. అక్కడ ముందు ప్రశ్న రాసి, తర్వాత ప్రశ్నార్థకం, ఆపైన రెండు విలువల మధ్య కోలన్ పెడతారు. పైథాన్‌లోకి ఈ రూపం 2006లో, 2.5 వెర్షన్‌తో వచ్చింది.

ఇందులో ఎల్స్ తప్పనిసరి. ఎల్స్ లేకుండా వదిలేస్తే పైథాన్ ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే మంచిది, ఎందుకంటే విలువ ఎంచుకునేటప్పుడు 'లేకపోతే ఏంటి?' అనేదానికి జవాబు ఉండి తీరాలి.

ఇప్పుడు దీన్ని చూడండి:

```
ప్రింట్('బద్ద') ఇఫ్ విరిగిందా ఎల్స్ ప్రింట్('గుండు')
```

పనిచేస్తుంది, కానీ ఇలా రాయకండి. విలువ ఎంచుకోవడానికి ఉన్న రూపంతో పనులు చేయిస్తున్నారు. ప్రింట్ చేయడం రెండు వైపులా ఉన్నదే కదా, దాన్ని బయటకు తీసేస్తే సరిపోతుంది:

```
ప్రింట్('బద్ద' ఇఫ్ విరిగిందా ఎల్స్ 'గుండు')
```

మూడో అడుగు: బ్రాకెట్లు

కొత్తవాళ్లు డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే, నిజంగానే. పలాస నుంచి పార్సిల్ పంపాలి. బయటి ఊరైతే 60 రూపాయలు ఎక్కువ, ఊళ్లోనే అయితే ఏమీ లేదు.

```
మొత్తం = ధర + 60 ఇఫ్ బయటి_ఊరు ఎల్స్ 0
```

ధర 900 అనుకోండి. బయటి ఊరికి 960 వస్తుంది, బాగానే ఉంది. ఊళ్లో వాళ్లకి ఎంత వస్తుంది? 900 కాదు, సున్నా. ఊళ్లో అందరికీ జీడిపప్పు ఉచితం. పైథాన్ దీన్ని 'ధర + 60' ఒక విలువ, '0' ఇంకో విలువ అని చదువుతుంది, ఎందుకంటే కూడిక ముందు, ఇఫ్-ఎల్స్ తర్వాత. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. బయటి ఊరితో మాత్రమే టెస్ట్ చేసినవాడికి ఎప్పటికీ తెలియదు.

```
మొత్తం = ధర + (60 ఇఫ్ బయటి_ఊరు ఎల్స్ 0)
```

ఈ రూపాన్ని కూడికలోనో తీసివేతలోనో వాడితే కళ్లు మూసుకుని బ్రాకెట్ పెట్టేయండి. అవసరం లేని చోట పెట్టినా నష్టం లేదు.

నాలుగో అడుగు: అసలు ఇఫ్ అవసరమా?

చాలా ఇఫ్‌లు కుదించాల్సినవి కావు, తీసేయాల్సినవి. చాలా ఇంజనీరింగ్ కాలేజీల్లో 75 శాతం హాజరు ఉంటేనే పరీక్షకు కూర్చోనిస్తారు. దానికి ల్యాబ్‌లో రాసే ఫంక్షన్ ఇలా ఉంటుంది:

```
డెఫ్ అర్హత(హాజరు):
    ఇఫ్ హాజరు >= 75:
        రిటర్న్ ట్రూ
    ఎల్స్:
        రిటర్న్ ఫాల్స్
```

'హాజరు >= 75' అన్నదే ట్రూనో ఫాల్సో ఇస్తుంది. అది ట్రూ అయితే ట్రూ ఇవ్వు, ఫాల్స్ అయితే ఫాల్స్ ఇవ్వు అని మళ్లీ చెప్పక్కర్లేదు.

```
డెఫ్ అర్హత(హాజరు):
    రిటర్న్ హాజరు >= 75
```

అలాగే 'ఇఫ్ విరిగిందా == ట్రూ' అని రాయక్కర్లేదు, 'ఇఫ్ విరిగిందా' చాలు.

ఐదో అడుగు: పోలికల్ని కలిపి రాయడం

లెక్కల పుస్తకంలో రాసినట్టే పైథాన్‌లో రాయవచ్చు. కండొనేషన్ అంటే హాజరు కాస్త తగ్గినా మన్నించడం:

```
ఇఫ్ 65 <= హాజరు < 75:
    ప్రింట్('కండొనేషన్ ఫీజు కట్టాలి')
```

'ఇఫ్ హాజరు >= 65 అండ్ హాజరు < 75' అని సాగదీయనక్కర్లేదు. కానీ ఇదే అలవాటుతో సీ ల్యాబ్‌కి వెళ్లి 65 <= హాజరు < 75 అని రాస్తే దెబ్బ తింటారు. సీలో ముందు 65 <= హాజరు అన్న భాగం 1 లేదా 0 అవుతుంది. ఆ 1నో 0నో 75 కంటే తక్కువా అని చూస్తుంది. ఎప్పుడూ తక్కువే కాబట్టి ఎవరి హాజరు ఎంతైనా జవాబు ఒకటే.

ఈ పోలిక అంకెలకే కాదు, తేదీలకూ పనికొస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్లకు చేపల వేట నిషేధం. ఇవాళ నిషేధ కాలంలో ఉందా లేదా అని చూడటానికి చాలామంది నెల ఏప్రిలా, అయితే రోజు 15 వచ్చిందా, నెల మేనా, నెల జూనా, అయితే రోజు 14 లోపా అని ఐదు ఇఫ్‌లు రాస్తారు. నెల, రోజు జంటగా బ్రాకెట్లో పెడితే పైథాన్ ముందు నెల పోల్చి, నెలలు సమానమైతే రోజు పోలుస్తుంది:

```
నిషేధం = (4, 15) <= (నెల, రోజు) <= (6, 14)
```

మే 1 పెట్టి చూడండి, ట్రూ. జూన్ 20 పెట్టండి, ఫాల్స్.

ఆరో అడుగు: 'ఇదో అదో' అని అడగడం

పలాస, కాశీబుగ్గ పక్కపక్కన కలిసిపోయిన ఊళ్లు. రెండింటికీ పార్సిల్ ఉచితం అనుకుంటే, నోటితో చెప్పినట్టే ఇలా రాసేస్తారు:

```
ఇఫ్ ఊరు == 'పలాస' ఆర్ 'కాశీబుగ్గ':
```

ఇది విశాఖపట్నానికీ ఉచితమే, హైదరాబాద్‌కీ ఉచితమే. ఆర్ తర్వాత ఉన్న 'కాశీబుగ్గ' ఒంటరిగా నిలబడ్డ మాట. ఖాళీ కాని మాట ఏదైనా పైథాన్‌కి నిజం కిందే లెక్క. సరైనది ఇది:

```
ఇఫ్ ఊరు ఇన్ ('పలాస', 'కాశీబుగ్గ'):
```

రేపు కాశీబుగ్గ తీసేసి ('పలాస') అని ఒక్కటే మిగిల్చారనుకోండి, ఇంకో గొయ్యి. కామా లేకపోతే అది జాబితా కాదు, వట్టి మాటే. అప్పుడు ఇన్ అనేది ఆ మాటలో ఈ అక్షరాలు ఉన్నాయా అని వెతుకుతుంది. 'పల' అని టైప్ చేసినవాడికీ ట్రూ వస్తుంది. ఎందుకైనా మంచిదని నేను గుండ్రటి బ్రాకెట్లకు బదులు చదరపు బ్రాకెట్లే వాడమంటాను: ['పలాస'] అంటే ఒక్కటి ఉన్నా జాబితాయే.

ఏడో అడుగు: ఆర్‌తో డిఫాల్ట్, సున్నాతో గొడవ

పేరు ఖాళీగా వస్తే ఏదో ఒకటి చూపించాలి:

```
చూపించు = పేరు ఆర్ 'పేరు ఇవ్వలేదు'
```

ఇందులో ఇఫ్ కూడా లేదు. ఎడమవైపు ఖాళీ కాకపోతే అదే వస్తుంది, ఖాళీ అయితే కుడివైపుది. ముచ్చటగా ఉంది కదా అని దీన్ని అంకెల దగ్గర వాడితే మాత్రం కొంప మునుగుతుంది. మండలాల వారీగా వానలెక్క చూపించే ప్రోగ్రాం అనుకోండి. రీడింగ్ రాకపోతే నన్ (విలువే లేదని పైథాన్ చెప్పే మాట) వస్తుంది. వాన పడకపోతే 0 మిల్లీమీటర్లు వస్తుంది.

```
చూపించు = వాన ఆర్ 'రీడింగ్ రాలేదు'
```

వాన పడని మండలాలన్నింటికీ 'రీడింగ్ రాలేదు' అని పడుతుంది. పైథాన్ దృష్టిలో 0, ఖాళీ మాట, ఖాళీ జాబితా, నన్ అన్నీ ఫాల్స్ గట్టునే ఉంటాయి. పొడి మండలం వేరు, లెక్క రాని మండలం వేరు. ఆ తేడా ఉండాలంటే పేరు పెట్టి అడగాలి:

```
చూపించు = 'రీడింగ్ రాలేదు' ఇఫ్ వాన ఈజ్ నన్ ఎల్స్ వాన
```

నాలుగు అక్షరాలు పెరిగాయి, పెరగనివ్వండి. మార్కులు, బ్యాలెన్సు, స్టాకు లాంటి సున్నాకి అర్థం ఉన్న చోటల్లా ఆర్‌తో డిఫాల్ట్ పెట్టకూడదు.

ఎనిమిదో అడుగు: రెండు కాదు, మూడు

```
ఫలితం = 'పరీక్షకు సరే' ఇఫ్ హాజరు >= 75 ఎల్స్ 'కండొనేషన్' ఇఫ్ హాజరు >= 65 ఎల్స్ 'డిటెన్షన్'
```

ఇది చెల్లుతుంది. ఎడమ నుంచి చదువుకుంటూ పోతే అర్థమూ అవుతుంది. కానీ ఇంతకు మించి వద్దు. నా లెక్కలో మూడు విలువలే హద్దు, అది కూడా మొత్తం ఒక బ్రాకెట్లో పెట్టి మూడు లైన్లుగా విరిచి రాస్తేనే. నాలుగోది వచ్చిందంటే ఎలిఫ్‌కి పోండి, లేదా కింద చెప్పే పట్టిక పెట్టండి.

తొమ్మిదో అడుగు: ఇఫ్‌ల బదులు పట్టిక

జీడిపప్పు గ్రేడులు 180, 210, 240, 320 అని ఉంటాయి. ఆ అంకె పౌను బరువుకి తూగే పలుకుల లెక్క. 240 రకం అంటే పౌనుకి 220 నుంచి 240 పలుకులు. అంకె తగ్గేకొద్దీ పలుకు పెద్దది, ధర ఎక్కువ. ఒక్కో గ్రేడుకీ ఒక ఎలిఫ్ రాయడం దండగ:

```
ధరలు = {180: 1200, 210: 1100, 240: 1000, 320: 900}
ధర = ధరలు.గెట్(గ్రేడు)
```

పట్టికలో లేని గ్రేడు అడిగితే గెట్ నన్ ఇస్తుంది. దాని బదులు 0 ఇవ్వమని చెప్పే వీలుంది, కానీ ధర దగ్గర అలా చేయకండి. మళ్లీ ఉచిత జీడిపప్పు దగ్గరికే వస్తాం. పైథాన్ 3.10లో, అంటే 2021లో, మ్యాచ్-కేస్ అనేది కూడా వచ్చింది. వట్టి విలువకి విలువ చూపించడానికి అది అక్కర్లేదు, పట్టికే తేలిక.

ఇప్పుడు కాస్త బరువైనది. మన జిల్లాలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన వరస: అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను. వాతావరణ శాఖ వీటిని గాలి వేగాన్ని బట్టి విడగొడుతుంది. ఆ వేగం నాట్లలో ఉంటుంది, ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. 17 కంటే తక్కువైతే అల్పపీడనం, 17 నుంచి 27 వాయుగుండం, 28 నుంచి 33 తీవ్ర వాయుగుండం, 34 నుంచి 47 తుపాను, 48 నుంచి 63 తీవ్ర తుపాను, 64 నుంచి 89 అతి తీవ్ర తుపాను, 90 నుంచి 119 అత్యంత తీవ్ర తుపాను, 120 ఆపైన సూపర్ సైక్లోన్. ఎనిమిది రకాలు. ఎలిఫ్‌తో రాస్తే మామూలుగా జరిగే తప్పు వరసది:

```
ఇఫ్ వేగం >= 17:
    రకం = 'వాయుగుండం'
ఎలిఫ్ వేగం >= 34:
    రకం = 'తుపాను'
```

80 నాట్ల గాలిని కూడా ఇది వాయుగుండం అంటుంది. మొదటి ప్రశ్నకే అవును వచ్చేసింది కాబట్టి కిందవి చూడదు. 'కంటే ఎక్కువ' అని అడిగేటప్పుడు పెద్ద అంకె నుంచి కిందకి రావాలి.

ఇక్కడ అంకెలు అచ్చంగా కలవవు, ఒక హద్దు నుంచి ఇంకో హద్దు దాకా ఉంటాయి కాబట్టి గెట్ పనికిరాదు. పైథాన్‌తో పాటే వచ్చే బైసెక్ట్ అనే మాడ్యూల్ ఇందుకే ఉంది. వరసగా పేర్చిన హద్దుల్లో మన అంకె ఎన్నో గదిలో పడుతుందో చెబుతుంది.

```
ఫ్రమ్ బైసెక్ట్ ఇంపోర్ట్ బైసెక్ట్

హద్దులు = [17, 28, 34, 48, 64, 90, 120]
పేర్లు = ['అల్పపీడనం', 'వాయుగుండం', 'తీవ్ర వాయుగుండం', 'తుపాను',
        'తీవ్ర తుపాను', 'అతి తీవ్ర తుపాను',
        'అత్యంత తీవ్ర తుపాను', 'సూపర్ సైక్లోన్']

డెఫ్ రకం(వేగం):
    రిటర్న్ పేర్లు[బైసెక్ట్(హద్దులు, వేగం)]
```

హద్దులు ఏడు, పేర్లు ఎనిమిది. పేర్లు ఎప్పుడూ ఒకటి ఎక్కువ ఉండాలి. 80 ఇచ్చి చూద్దాం: 17, 28, 34, 48, 64 అనే ఐదు హద్దులు దాటింది, కాబట్టి 5 వస్తుంది. లెక్క సున్నా నుంచి మొదలు కాబట్టి ఐదోది 'అతి తీవ్ర తుపాను'. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఈ తరగతిదే. ఇందులో ఇఫ్ అన్న మాటే లేదు. లాజిక్ మొత్తం రెండు జాబితాల్లోకి వెళ్లిపోయింది, పక్కన కూర్చున్నవాళ్లు కోడ్ రాకపోయినా ఆ అంకెల్ని సరిచూడగలరు.

పదో అడుగు: పని చేయించేదైతే, ముందే బయటపడండి

కళింగపట్నం నుంచి బోటు కదలాలా వద్దా అన్నది లోపల లోపల ఇఫ్‌లతో రాస్తే మూడు మెట్లు దిగుతుంది. తిరగేసి, వద్దనే కారణాలు ముందు చూసుకోండి:

```
డెఫ్ వేటకు(నెల, రోజు, హెచ్చరిక, డీజిల్):
    ఇఫ్ (4, 15) <= (నెల, రోజు) <= (6, 14):
        రిటర్న్ 'నిషేధ కాలం'
    ఇఫ్ హెచ్చరిక:
        రిటర్న్ 'సముద్రం బాగోలేదు'
    ఇఫ్ డీజిల్ < 50:
        రిటర్న్ 'డీజిల్ చాలదు'
    రిటర్న్ 'వెళ్లొచ్చు'
```

లైన్లు తగ్గలేదు, కానీ ఎల్స్ ఒక్కటీ లేదు. ప్రతి కారణం తన పక్కనే తన జవాబుతో ఉంది. ఏ క్రమంలో అడగాలన్నది మీ చేతిలో ఉంది. దీన్ని ఒక్క లైన్లోకి తేవాలని చూడకండి.

జాబితాల గురించి ఒక్క మాట. కొన్నింటిని వదిలేయాలంటే ఇఫ్ చివర వస్తుంది, ఎల్స్ ఉండదు: [వ ఫర్ వ ఇన్ వానలు ఇఫ్ వ ఈజ్ నాట్ నన్]. ఒక్కోదాన్నీ మార్చాలంటే ఇఫ్-ఎల్స్ రెండూ ముందు వస్తాయి: [0 ఇఫ్ వ ఈజ్ నన్ ఎల్స్ వ ఫర్ వ ఇన్ వానలు]. చివర ఇఫ్ పెట్టి దానికి ఎల్స్ తగిలిస్తే ఎర్రర్.

ఆఖరి అడుగు: హద్దు మీద నిలబెట్టి చూడండి

కుదించిన ప్రతి కండిషన్‌నీ మూడు విలువలతో ఆడించండి: హద్దుకి ఒకటి తక్కువ, సరిగ్గా హద్దు, ఒకటి ఎక్కువ. తుపాను ఫంక్షన్‌కి 33, 34, 35 ఇవ్వండి. 33కి తీవ్ర వాయుగుండం, మిగతా రెండింటికీ తుపాను రావాలి. బైసెక్ట్ బదులు, సరిగ్గా హద్దు మీదున్న అంకెని కింది గదిలోనే వేసే బైసెక్ట్_లెఫ్ట్ వాడినవాళ్లకి 34 దగ్గర తప్పు బయటపడుతుంది.

తర్వాత దశాంశం ఇవ్వండి, 33.5. బైసెక్ట్ తీవ్ర వాయుగుండం అంటుంది. అదే ఎలిఫ్‌లో '28 <= వేగం <= 33', '34 <= వేగం <= 47' అని రాసినవాళ్ల ప్రోగ్రాంలో 33.5 ఏ గదిలోనూ పడదు.

దశాంశాలు ఎక్కడి నుంచి వస్తాయంటారా? టీవీలో వేగం కిలోమీటర్లలో చెబుతారు. వాతావరణ శాఖ కిలోమీటర్ల లెక్కలో తుపాను 62 దగ్గర మొదలవుతుంది. 62ని 1.852తో భాగిస్తే 33.48. మన ఫంక్షన్ దాన్ని తీవ్ర వాయుగుండం అంటుంది, రౌండ్ చేసినా 33కే దిగుతుంది. ఫార్ములా తప్పు కాదు, శాఖ పట్టికలోని కిలోమీటర్లు సర్దిన అంకెలు. కాబట్టి కిలోమీటర్లలో వచ్చే డేటాని నాట్లలోకి మార్చకండి. శాఖ ఇచ్చే కిలోమీటర్ల పట్టిక చూసి 31, 50, 62 అంటూ హద్దుల జాబితాని రాసుకోండి. పేర్లూ అవే, ఫంక్షనూ అదే, మారేది ఆ ఒక్క లైనే.